ఆ ఇరవై డాలర్లు ఎవరు కోసుకున్నారు?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక వాణిజ్యం పేజీలో బంగారం, వెండి ధరల పక్కన రోజూ డాలరు ధర ఒక్క వరుస వేస్తారు. మా ఇంట్లో కింద వాటాలో ఉండే ఆవిడ గత ఆగస్టు నుంచి రాశిఫలాల కంటే ముందు ఆ వరుసే చూస్తున్నారు. వాళ్ల అమ్మాయి టెక్సాస్‌లో ఎమ్మెస్‌లో చేరింది. ఆవిడ ఇక్కడే నల్లకుంట మార్కెట్ దగ్గర టైలరింగ్ షాపు నడుపుతారు. భువనగిరి వైపు ఉన్న ప్లాటు అమ్మి మొదటి సెమిస్టర్ ఫీజు కట్టారు.

కట్టిన వారానికి ఒక సాయంత్రం బ్యాంకు కాగితాలు పట్టుకుని పైకొచ్చారు. "అక్కా, 11,480 డాలర్లు పంపినం. అక్కడ ఇరవై తక్కువొచ్చినయంట. కాలేజోళ్లు పోరి రిజిస్ట్రేషన్ ఆపిన్రు. ఆ ఇరవై డాలర్లు ఎవరు కోసుకున్నరు?"

నేను 1982లో బ్యాంకులో క్లర్కుగా చేరి 2020లో అధికారిగా రిటైరయ్యాను. అందులో పద్దెనిమిదేళ్లు అబిడ్స్‌లో విదేశీ మారక విభాగంలోనే గడిచాయి. ఆవిడ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. అదే ప్రశ్న బ్యాంకులో అడిగితే మాత్రం కౌంటర్‌లోని అబ్బాయి "అది సిస్టమ్‌లో కట్ అవుతుందమ్మా" అన్నాడట. ఆ మాట వినీ వినగానే నాకు కడుపు మండింది. ఈ నగరంలో పిల్లల్ని విదేశాలకు పంపిన ఇళ్లు ఎన్ని! దుబాయ్ నుంచి, రియాద్ నుంచి వచ్చే డబ్బు మీద నడిచే ఇళ్లు ఎన్ని! అందరికీ అదే జవాబు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగైనా వేయమని కోరుతున్నాను.

మనం ఇక్కడ కట్టిన డబ్బు ఎక్కడికీ ప్రయాణం చేయదు. కదిలేది కబురు, మారేది పద్దు. బేగంబజార్ పాత టోకు వ్యాపారులకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక్కడి సేటుకు గుంటూరులోని కమిషన్ ఏజెంటు దగ్గర ఖాతా ఉంటుంది. ఇక్కడినుంచి చీటీ వెళ్తే అక్కడ ఆయన తన పుస్తకంలో సేటు పేరున ఖర్చు రాసి సరుకు ఇచ్చినవాడికి డబ్బు చెల్లిస్తాడు. బ్యాంకులూ అంతే. మన బ్యాంకు న్యూయార్క్‌లో ఒక పెద్ద బ్యాంకు దగ్గర డాలర్ల ఖాతా పెట్టుకుంటుంది. దాన్ని మేం నాస్ట్రో అంటాం, మాది మీ దగ్గర ఉన్నది అని. అదే ఖాతా వాళ్ల పుస్తకంలో వాస్ట్రో, మీది మా దగ్గర ఉన్నది అని. కింద వాటా ఆవిడ దగ్గర రూపాయలు తీసుకున్న బ్యాంకు, తన నాస్ట్రోలోంచి అన్ని డాలర్లు తీసి ఫలానా యూనివర్సిటీకి ఇవ్వమని న్యూయార్క్‌కు కబురు చేస్తుంది. యూనివర్సిటీకి ఖాతా అదే బ్యాంకులో ఉంటే పని అక్కడితో అయిపోతుంది. లేకపోతే ఇంకో బ్యాంకు గుమ్మం దాటాలి. దాటిన ప్రతి గుమ్మం దగ్గరా ఒక కూలి.

కబురు మోసేది స్విఫ్ట్ అనే సంస్థ. బ్యాంకులన్నీ కలిసి 1973లో బెల్జియంలో పెట్టుకున్న సహకార సంఘం అది. ఈ రోజు 200కు పైగా దేశాలు, ప్రాంతాల్లో 11,000కు పైగా సంస్థలు దాని మీద ఆధారపడ్డాయి. దాని దగ్గర ఎవరి డబ్బూ ఉండదు, ఉత్తరాలే ఉంటాయి. నేను ఈ విభాగంలోకి వచ్చిన కొత్తలో మాకు స్విఫ్ట్ లేదు, టెలెక్స్ ఉండేది, అంటే ఇక్కడ టైపు చేస్తే అవతలి ఊళ్లో అచ్చయ్యే తంతి యంత్రం. కబురు నిజమైనదేనని రుజువు చేసే రహస్య అంకెల పుస్తకాన్ని, అదే టెస్ట్ కీ పుస్తకాన్ని, రెండు తాళాల బీరువాలో దాచేవాళ్లం. తేదీకి ఒక అంకె, కరెన్సీకి ఒక అంకె, పంపే మొత్తానికి ఒక అంకె పుస్తకంలో చూసి, అన్నీ కూడి టెలెక్స్ తలమీద వేసేవాళ్లం. అవతలివాళ్లు తమ పుస్తకంతో కూడి చూసుకుని రెండూ కలిస్తేనే డబ్బు ఇచ్చేవాళ్లు. ఒకసారి నేను 15వ తేదీ అంకెకు బదులు 16వ తేదీది తీసుకున్నాను. టెస్ట్ కలవలేదని లండన్ నుంచి తిరుగు టెలెక్స్ వచ్చింది. ఒక ఎగుమతిదారు డబ్బు రెండు రోజులు ఆగిపోయింది. ఆ రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది మాత్రం ఆ రోజే ఆయనకు ఫోన్ చేసి చెప్పాం.

ఇక ఇరవై డాలర్ల సంగతి. బయటి దేశానికి డబ్బు పంపేటప్పుడు నింపే ఏ2 ఫారం, దరఖాస్తు కాగితాల్లో చార్జీలు ఎవరివి అని ఒక గడి ఉంటుంది. అందులో మూడే మాటలు. ‘అవర్’ అంటే దారి ఖర్చంతా పంపేవాళ్లదే. ‘బెన్’ అంటే అంతా అందుకునేవాళ్లది. ‘షా’ అంటే ఇక్కడి ఖర్చు మనది, అక్కడి ఖర్చు వాళ్లది. కాలేజీ ఫీజు పైసాతో సహా చేరాలి కనుక అడగాల్సింది ‘అవర్’. ఆవిడ కాగితంలో ‘షా’ దగ్గర టిక్కు ఉంది. ఆ టిక్కు ఆవిడ పెట్టలేదు. కౌంటర్‌లో అలవాటుగా పెట్టేసి, ఇక్కడొకటి ఇక్కడొకటి అని వేలితో చూపించి సంతకాలు తీసుకున్నారు. మధ్యలో ఉన్న బ్యాంకు తన కూలి తాను తీసుకుంది. ఇదంతా ఆవిడకు చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టలేదు. ఆ ఐదు నిమిషాలు బ్యాంకులో ఎవరికీ లేకపోయాయి. విడిగా ఇరవై డాలర్లు పంపాలంటే కమీషన్, స్విఫ్ట్ చార్జీ, జీఎస్టీ కలిపి ఆ ఇరవైకి దగ్గర దగ్గరగా అవుతున్నాయి. చివరికి అమ్మాయి రూమ్మేట్ కార్డు మీద కట్టి గండం గట్టెక్కింది.

అక్కడితో అయిపోతే నేను మీకు రాసేదాన్నే కాదు. ఆవిడ లేవబోతూ మీ పత్రిక తీసి డాలరు ధర మీద వేలు పెట్టారు. "పేపర్ల గింత ఉన్నది. బ్యాంకోళ్లు గింత వేసిన్రు. గిదేంది అక్కా?" డబ్బు పంపిన రోజు పేపరు దాచిపెట్టుకున్నారు పాపం. బ్యాంకు కాగితం వెనకే లెక్క వేశాను. డాలరుకు తేడా ఒక రూపాయి నలభై పైసలు. 11,480తో గుణిస్తే 16,072 రూపాయలు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. కాగితం తన వైపు తిప్పుకుని మళ్లీ చూశారు. "లైనింగ్ జాకెట్‌కు నాలుగు వందలు తీసుకుంట. నలభై జాకెట్లు కుట్టాలె అక్కా" అన్నారు.

ఇరవై డాలర్ల కోసం ఆవిడ మూడుసార్లు బ్యాంకుకు తిరిగారు. ఈ పదహారు వేల గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు, ఎందుకంటే ఇది ఏ చార్జీల పట్టికలోనూ కనిపించదు. రేటులోనే కలిసిపోతుంది. మీరు వేసేది బ్యాంకులు తమలో తాము కోట్ల డాలర్లు కొని అమ్ముకునే ధర, అదీ ముందు రోజు ముగింపు ధర. ఖాతాదారుకు అమ్మేటప్పుడు బ్యాంకు దాని మీద తన మార్జిన్, అంటే తన లాభం, వేసుకుంటుంది. అలా వచ్చిన ధరను కార్డు రేటు అంటాం. రోజువారీ ఎగుడుదిగుళ్లకు కొన్ని పైసలు తీసేసినా మిగిలింది చాలా వరకు మార్జినే. బ్యాంకుకూ ఖర్చులున్నాయి, ధర మారితే నష్టభయముంది, కాదనను. కానీ ఆ మార్జిన్ రాతిమీద రాసింది కాదు. బాలానగర్, జీడిమెట్ల కంపెనీలవాళ్లు ఫోన్ చేస్తే మేం డాలర్లు కొని అమ్మే మా బ్యాంకు ట్రెజరీ విభాగంతో మాట్లాడి పైసల్లో తగ్గించి ఇచ్చేవాళ్లం. పిల్లల ఫీజు కట్టడానికి లైన్లో నిలబడ్డ తల్లిదండ్రులకు కార్డు రేటే వేసేవాళ్లం. వాళ్లు అడగలేదు, మేం ఇవ్వలేదు. అడగొచ్చని వాళ్లకు చెప్పకపోవడం తప్పు. ఆ తప్పులో నాకూ భాగముంది, ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

మామూలు ఖాతాదారు కూడా మార్కెట్ ధరకు డాలర్లు కొనుక్కునేలా 2019 ఆగస్టులో క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ‘ఎఫ్ఎక్స్ రిటైల్’ అనే వేదిక తెచ్చింది. అందులో బ్యాంకు ద్వారా నమోదు చేసుకోవాలి, బ్యాంకు తీసుకునే చార్జీ విడిగా తెలుస్తుంది. మా వీధిలో పిల్లల్ని బయటి దేశాలకు పంపిన తొమ్మిది ఇళ్లవాళ్లను అడిగాను. ఆ పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

బ్యాంకుల కష్టం తెలియక నేను ఇలా రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. దేశాలు దాటే చెల్లింపులో ఒక వైపు పగలు, ఇంకో వైపు రాత్రి. ఆ తేడాలోనే ప్రమాదం ఉంది. 1974 జూన్ 26న జర్మనీలో కొలోన్ నగరంలోని హెర్‌స్టాట్ బ్యాంకును అక్కడి అధికారులు సాయంత్రం మూసేశారు. అప్పటికే ఎన్నో బ్యాంకులు దానికి మార్కులు, అంటే అప్పటి జర్మనీ డబ్బు, కట్టేశాయి, బదులుగా న్యూయార్క్‌లో డాలర్లు రావాలి. న్యూయార్క్‌లో అప్పుడింకా పొద్దుటి పూట. డాలర్లు రాలేదు. ఆ దెబ్బ తర్వాతే అదే ఏడాది చివర్లో జీ10 అనే ధనిక దేశాల బృందంలోని కేంద్ర బ్యాంకుల గవర్నర్లు బాసెల్ కమిటీని వేశారు. బ్యాంకు సొంత మూలధనం ఎంత ఉండాలన్న లెక్కలన్నీ ఆ కమిటీ పెట్టినవే. 1988లో నూటికి ఎనిమిది అన్నారు, 2008 సంక్షోభం తర్వాత ఇంకా బిగించారు.

కబురునే నమ్ముకున్న వ్యవస్థకు దొంగ కబురు ఎంత చేటో 2016 ఫిబ్రవరిలో తెలిసింది. ఢాకాలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు స్విఫ్ట్ కంప్యూటర్లలోకి దొంగలు దూరి, అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లో ఆ బ్యాంకుకున్న ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు తీసి పంపమని సందేశాలు పెట్టారు. ఢాకాలో శుక్ర, శనివారాలు సెలవు. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు. డబ్బు చేరిన ఫిలిప్పీన్స్‌లో సోమవారం చైనా కొత్త సంవత్సరం సెలవు. ఎవరు ఫోన్ చేసినా అవతల ఎత్తే మనిషి లేడు. 8.1 కోట్ల డాలర్లు మనీలా చేరాయి, చాలా మటుకు కాసినో దారుల్లో కలిసిపోయాయి. శ్రీలంకకు పోయిన 2 కోట్లు ‘ఫౌండేషన్’ అన్న మాటకు స్పెల్లింగ్ తప్పు రాయడంతో అనుమానం వచ్చి వెనక్కి వచ్చాయి. రెండేళ్లకు మన ముంబయిలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో వేల కోట్ల కుంభకోణం బయటపడింది. అక్కడ ఖాతాదారు అప్పుకు మాది పూచీ అని బ్యాంకు పేరున స్విఫ్ట్‌లో వెళ్లిన హామీలు కోర్ బ్యాంకింగ్‌లోకి, అంటే బ్యాంకు అసలు పద్దు పుస్తకంలోకి, ఎక్కనే లేదు. 2018 మార్చి 13న రిజర్వ్ బ్యాంకు ఆ హామీపత్రాల పద్ధతినే ఆపేసింది. ఆ రోజుల్లో మా సెక్షన్‌లో ఇళ్లకు ఆలస్యంగా వెళ్తూ పాత సందేశాలన్నీ తిరగదోడి ఒక్కొక్కటీ పద్దుతో కలిపాం.

అయితే నా టేబుల్ మీద డబ్బు ఎక్కువగా ఆగింది దొంగల వల్ల కాదు, పేర్ల వల్ల. ఐక్యరాజ్యసమితి, అమెరికా ట్రెజరీ ఇచ్చే ఆంక్షల జాబితాలతో ప్రతి సందేశంలోని పేరునూ దారిలో ప్రతి బ్యాంకూ పోల్చి చూస్తుంది. మన తెలుగువాళ్లకు పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరం, ఆధార్‌లో వెనకది ముందుకు. యంత్రానికి వాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. పాతబస్తీ వాళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. మహమ్మద్ అన్న పేరే ఒక కాగితంలో ఎండీ, ఇంకోదాంట్లో పూర్తిగా, మూడోదాంట్లో వేరే స్పెల్లింగు.

యాకుత్‌పురా నుంచి ఒకాయన వచ్చేవారు. తమ్ముడు రియాద్‌లో ఏసీ మెకానిక్. తల్లి గుండె ఆపరేషన్‌కు పంపిన డబ్బు ఐదు రోజులు రాలేదు. తమ్ముడి పేరు జాబితాలో ఎవరి పేరుతోనో కలిసింది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నకలు అడిగారు, పంపాం. మళ్లీ ఇంకేదో అడిగారు, అదీ పంపాం. నాలుగో రోజు ఆయన నా ఎదురు కుర్చీలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "మేం చేసిన తప్పేంటి మేడం?" అన్నారు. ఏం చెప్పను? ఏ బ్యాంకు దగ్గర ఆగిందో అప్పుడు మాకే తెలియదు. భార్య గాజులు కుదువపెట్టి ఆస్పత్రిలో కట్టారు. ఆపరేషన్ అయిన మర్నాడు డబ్బు జమయింది.

తనిఖీ అక్కర్లేదని నేను అనను. ఉగ్రవాదుల డబ్బు, దొంగ డబ్బు ఇదే దారిలో పోతుంది. కానీ తనిఖీ ఖర్చుకు, జరిమానా భయానికి జడిసి పెద్ద బ్యాంకులు చిన్న దేశాల బ్యాంకులతో ఖాతాలే మూసుకుంటున్నాయి. 2011, 2018 మధ్య ఇలా వేరే బ్యాంకులకు ఖాతాలిచ్చి వాటి తరఫున చెల్లించే బ్యాంకులను కరస్పాండెంట్ బ్యాంకులంటారు, ప్రపంచంలో వాటి సంఖ్య దాదాపు ఐదో వంతు తగ్గింది. దారులు తగ్గినకొద్దీ ఉన్న దారిలో కూలి పెరుగుతుంది. 200 డాలర్లు ఇంటికి పంపడానికి ప్రపంచంలో సగటున ఆరు శాతానికి పైగా ఖర్చవుతోందని ప్రపంచ బ్యాంకు లెక్క. 2030కల్లా దాన్ని మూడు శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం. ఈ డబ్బు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అందుకునే దేశం మనదే, 2024లో దాదాపు 12,900 కోట్ల డాలర్లు. అందులో జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లి ఎండలో ఇటుకలు మోసినవాళ్ల చెమట ఉంది.

బ్యాంకు ఏమీ చెప్పకపోతే వాళ్లు ఎటు పోతారు? హవాలా వైపు పోతారు. హవాలావాడు రేటు ముందే చెబుతాడు, ఎప్పుడు అందుతుందో చెబుతాడు, సాయంత్రానికి ఇంటి గుమ్మంలో డబ్బు లెక్కపెట్టి ఇస్తాడు. అది విదేశీ మారక లావాదేవీలను నియంత్రించే ఫెమా చట్టానికి విరుద్ధం. మోసపోతే ఎవరికీ చెప్పుకోలేరు. వద్దని ఎంతమందికి చెప్పానో. కానీ "మీ బ్యాంకులో ఇంత స్పష్టంగా చెప్తారా?" అని వాళ్లు తిరిగి అడిగితే నా దగ్గర జవాబు లేకపోయేది.

ఇప్పుడు జవాబు ఉంది, అదే నా బాధ. 2017లో స్విఫ్ట్ జీపీఐ అనే పద్ధతి తెచ్చింది. ఇప్పుడు ప్రతి చెల్లింపుకూ 36 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది, యూఈటీఆర్ అంటారు. ఆ సంఖ్య కొడితే డబ్బు ఏ బ్యాంకు దాకా వెళ్లింది, ఎవరి దగ్గర ఆగింది, ఎవరు ఎంత కోసుకున్నారు అన్నది చాలా వరకు తెరమీద కనిపిస్తుంది. యాకుత్‌పురా ఆయన నా ముందు కూర్చున్న రోజుల్లో మాకు లేని సదుపాయం ఇది. నేడు ఉండి కూడా "సిస్టమ్‌లో కట్ అవుతుంది" అంటున్నారు. 2023 ఫిబ్రవరిలో మన యూపీఐని అలాంటిదే అయిన సింగపూర్ చెల్లింపు వ్యవస్థ పేనౌతో కలిపాక ఆ రెండు దేశాల మధ్య చిన్న మొత్తాలు ఫోన్ నుంచి ఫోన్‌కు వెళ్తున్నాయి. చేయాలనుకుంటే చేయగలరని దాన్ని చూస్తే తెలుస్తోంది.

అందుకని బ్యాంకులను నేను కోరేది ఒక్క చీటీ. ఖాతాలోంచి డబ్బు తీసుకునే ముందు, తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఈ క్షణం మార్కెట్ ధర ఇంత, మేం మీకు వేస్తున్నది ఇంత, తేడా మొత్తం రూపాయల్లో ఇంత అని అందులో ఉండాలి. దారి ఖర్చు ఎవరు భరించాలో మీరే చెప్పండి అని అడగాలి. డబ్బు వెళ్లాక యూఈటీఆర్ సంఖ్య అడగకముందే చేతిలో పెట్టాలి. లక్షల రూపాయలు తీసుకుంటున్నప్పుడు ఒక కాగితం ముద్రించడం భారం కాదు. పేర్ల విషయంలో కూడా, ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు రాయించుకోమని కౌంటర్ దగ్గరే చెబితే సగం ఆగుళ్లు తప్పుతాయి.

కింద వాటా ఆవిడ చేత బ్యాంకు మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించాను, ముద్ర వేయించి నకలు తెచ్చుకున్నారు. ముప్ఫై రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఎలాగో తెలియనివాళ్లు 14448కు ఫోన్ చేస్తే చెబుతారు, డబ్బు కట్టక్కర్లేదు.

సంపాదకులుగా మిమ్మల్ని కోరేది కూడా ఒకటుంది. డాలరు ధర వేసే చోట దాని కిందే ఇంకొక్క వరుస వేయండి: ‘ఇది బ్యాంకుల మధ్య ధర. మీ బ్యాంకు మీకు వేసే ధర, తేడా ముందే అడగండి.’

జనవరిలో అమ్మాయికి రెండో సెమిస్టర్ ఫీజు కట్టాలి. ఈసారి నేనూ వెంట వెళ్తున్నాను. చార్జీల గడిలో టిక్కు ఆవిడే పెడతారు. అప్పటికి మీ పేజీలో ఆ వరుస వస్తే, కత్తిరించుకుని పట్టుకెళ్లి కౌంటర్ మీద పెడతానంటున్నారు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారిణి,
నల్లకుంట, హైదరాబాద్.